గూడుబండిలో అవ్వ చోటు

ఇప్పుడు మేట్టుపాళయం దాకా పొగబండి వచ్చేసింది. మా మనవండ్లు ఒక పెట్టె చేత పట్టుకుని పోతారు, ఎక్కి కూర్చుంటారు, దిగిపోతారు. దాన్ని కూడా ప్రయాణమే అంటారు. అనుకోనీ, నాకేం పోయింది. అయితే మా కాలంలో తిరపతికి గూడుబండి కట్టిన సంగతి నేను ఎత్తితే చాలు, "అన్నాళ్ళు ఏం సర్దినారవ్వా, కాపురం మార్చినారా?" అని నవ్వుతారు. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. అవును నాయనా, కాపురమే మార్చినాము. పొయ్యి, నీళ్ళు, పడక, పచ్చడి, దేవుడు, అన్నీ బండెక్కినాయి. అవి ఎక్కించడం చేతగానివాండ్లు దారిలో పస్తులుంటారు.

అప్పటికి నేను కొత్తకోడలిని. మధుర పక్క పుట్టి, అన్నూరుకు దగ్గరున్న ఈ ఊరికి కాపురానికి వచ్చినాను. కుంఫిణీ దొరతనం అప్పుడప్పుడే కుదురుకుంటా ఉండేది. పాళెగాండ్ల గొడవలు అణిగి, బాటల మీద బండ్లు ధైర్యంగా తిరగడం మొదలైంది. మా ఇంటి చుట్టూ అంతా అరవమే. చేలో అరవం, సంతలో అరవం, కోవెల్లో అరవం. ఇంట్లో మాత్రం తెలుగు. మా పెద్దలు ఎప్పుడు వచ్చినారో, ఎందుకు ఇంత దూరం వచ్చినారో సరిగ్గా ఎవరికీ తెలీదు. ఒక్కొక్క ముసలామె ఒక్కొక్క కథ చెప్పేది, ఏ రెండూ పొసిగేవి కాదు.

మా మామ తల్లిని ఊరంతా అవ్వ అనే పిలిచేది. సన్నంగా, నిటారుగా ఉండేది. మాట మాత్రం గట్టిది. గడప లోపల అరవం వినపడకూడదని ఆమె కట్టడి. మా ఇంటాయన ఎప్పుడన్నా సంతనుంచి అదే ఊపులో అరవంలో మాట్లాడుకుంటా లోపలికి వస్తే, "ఆ మాట చెప్పులతో పాటు బయట విడిచి రా" అనేది. ఆయన బయటికి పోయి మళ్ళీ వచ్చి తెలుగులో మొదలుపెట్టేవాడు. నాకు నవ్వు ఆగేది కాదు. కానీ అరవ మాట తెలుగు కోక కట్టుకుని వస్తే అవ్వ కూడా పోల్చలేకపోయేది. అట్లాంటివి మా ఇంట్లో కావలసినన్ని తిరుగుతా ఉండేవి.

తిరపతి ప్రయాణం మా మామ మొక్కు. ఆ ముందటేడు పశువులకు గాలి సోకి ఊళ్ళో చాలా దొడ్లు ఖాళీ అయిపోయినాయి. మా దొడ్డి మిగిలితే ఇంటిల్లిపాదీ కొండకు వస్తామని మామ మొక్కుకున్నాడు. మిగిలింది. ఇంక పోవాల్సిందే. అవ్వ సంతోషం చూస్తే, మొక్కుకున్నది కొడుకైనా దేవుడు విన్నది తననే అన్నట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం నా తల దువ్వుతా ఆమె అసలు సంగతి చెప్పింది. దేవుణ్ణి చూడాలనే ఉందట, అది వేరే. అంతకన్నా ఇంకొకటి ఉందట. ఆమె తన పుట్టింట్లో తెలుగు వినింది, మెట్టినింట్లో తెలుగు వినింది. గడప దాటితే ఎప్పుడూ వినలేదు.

"ఆడ వీథిలో కూడా మన మాటేనంట" అనింది. "పిల్లోండ్లు కొట్లాడుకునేది మన మాటలోనంట. గాడిదను తిట్టేది కూడా మన మాటలోనంట. ఒక్కసారి విని రావాల. ఎవరో ముక్కూ మొగం తెలీని మనిషితో నేను మన మాట మాట్లాడాల."

ఎవరితోనూ చెప్పొద్దనింది. దేవుడికన్నా మాట ఎక్కువైపోయిందా అని కొడుకు ఏమన్నా అనుకుంటాడని సిగ్గు. ఆమె వేళ్ళు నా తలలో అట్లనే నిలిచిపోయినాయి. మా మధుర పక్క కూడా ఇంతే కదా, నేను కూడా వీథిలో తెలుగు విని ఎరగను. కానీ అది ఒక లోటని అంతవరకూ నాకు తోచలేదు.

ఇంక బండి సంగతి. మా పాతబండికి పలకచక్రాలు ఉండేవి. అంటే పెద్ద చెక్కలు చేర్చి గుండ్రంగా కోసినవి. పొలానికి ఎరువు తోలడానికి బాగుంటాయి, మనిషిని ఎక్కిస్తే ఎముకలు లెక్కబెట్టిస్తాయి. నడుమ సన్నటి కర్రలు బిగించిన ఆకుల చక్రాలు అప్పుడే మా పక్కకు వస్తా ఉండినాయి. మామ మేట్టుపాళయం పోయి, కొండ కింద కొట్టిన ఆరిన మాను చూసి తెచ్చి, ఆచారిని పిలిపించి వాకిట్లోనే కూర్చోబెట్టినాడు. ఆ ఆచారి అరవాయన, నోరు తెరిస్తే సణుగుడు. ఆయన అరవంలో సణుగుతా ఉంటే మామ అరవంలోనే అరుస్తా ఉండేవాడు. పనయ్యేదాకా మా వాకిలి సంతను మించి ఉండేది. చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడిగిన రోజు ఊరంతా వచ్చి నిలబడింది. పట్టా మీద నీళ్ళు పోస్తే లేచిన పొగ మా అత్త ఎండేసిన వడియాలన్నిటికీ మసి పట్టించింది. అత్త ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

బండి మీద వెదురు బద్దలు వంచి గూడు కట్టినారు. లోపల చాప, పైన తాటాకు, మీద మళ్ళీ చాప. ఉడుమలైపేట నుంచి తెచ్చిన కొబ్బరితాళ్ళతో బిగించినారు. వెనక ఒక తెర. గూడు కింద, ఇరుసుకు వెనగ్గా, నీళ్ళబిందె వేలాడేసే ఉట్టి. పక్కన ఇనుప పొయ్యి తగిలించే కొక్కెం. ఎడమ పక్క పొడుగునా ఒక అర, అందులో రాగిపిండి, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, కందిపొడి. కుడిపక్క పడకలు చుట్టి పెట్టేదానికి చోటు. ముందు నొగల దగ్గర ఆముదపు కందెన కుండ. నేను ఆ గూట్లోకి ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి చూసుకునేదాన్ని. కొత్త ఇంట్లో కాపురం పెట్టినట్టు ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పచ్చి వెదురు వాసన ముక్కుకు తగులుతుంది. ఎంత మేడ కట్టినా ఆ వాసన మళ్ళీ రాలేదు.

సరుకంతా ఎక్కించి ఒకసారి అవినాశి దాకా తోలి చూసినారు. తిరిగి వచ్చేటప్పటికి ఊరగాయ జాడీ పగిలి నూనె పడకల్లోకి ఇంకిపోయి ఉంది. "కొండకు పోయేదాకా మాగాయ వాసనతోనే పడుకుంటామా?" అని అత్త మొత్తుకునింది. అప్పటినుంచి జాడీలన్నీ పత్తిగింజల మూటల మధ్య దించాలని తీర్మానం. ఎద్దులకు మేపూ అవుతుంది, జాడీలకు పరుపూ అవుతుంది.

ఆ మూటల దగ్గరే వచ్చింది తంటా.

ఒకనాడు నేను పెరట్లోనుంచి వచ్చి చూస్తే, గూట్లో అవ్వకని నేను మనసులో అనుకున్న వెనకమూలలో మూటలు పేర్చి ఉండాయి. మూటల మధ్య జాడీలు. మనిషి కాదు కదా, పిల్లి కూర్చునేదానికి కూడా చోటు లేదు. ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాను. అంతలో అవ్వ వాకిట్లోకి వచ్చింది, తెర తీసి లోపలికి చూసింది, మళ్ళీ తెర వేసింది. లోపలికి పోయి, ఎప్పుడో కట్టిపెట్టుకున్న మూట విప్పింది. అందులో ఉతికిన కోకలు రెండు, తులసిపూసలు, దారిలో నమలడానికి వక్కలు. కోకలు దండెం మీద వేసింది. వక్కలు అత్త చేతికి ఇచ్చి, దారిలో మీకు పనికొస్తాయి అనింది. ఇంటికి ఒక మనిషి కాపలా ఉండాలి కదా అని కూడా అనింది. అత్త పనుల తొందరలో ఉండి, సరేనని వక్కలు అరలో పడేసింది.

మామ కూడా ఏదోగా ఉండినాడు. అంతవరకూ ఆచారితో గొంతు చించుకుని అరిచిన మనిషి, ఇప్పుడు బండి పక్క ఊరికే నిలబడి తాళ్ళు లాగి చూస్తా ఉండేవాడు. బిగిసిన తాళ్ళనే మళ్ళీ బిగించేవాడు. తల్లీకొడుకులు ఒకరి మొగం ఒకరు చూసుకోవడం మానేసినారు. ఇంత మొండి మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు. ఒకరు అడగరు, ఒకరు చెప్పరు.

అట్లా ఉండగా ఒక పూట మామా మా ఇంటాయనా అన్నానికి కూర్చున్నారు. అవ్వ కొంచెం ఎడంగా గోడ వార కూర్చునింది. అత్త కూర వడ్డిస్తా ఉంది. నేను మజ్జిగ తెచ్చి అవ్వ ముందు వంగినాను. ఆమె విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి, "నాకు అవసరం లేదు" అనింది. మామ తలెత్తకుండానే అత్తతో, అమ్మకు తొందర లేదంట, మిగిలినవాండ్లకు పోసి మెల్లగా తెమ్మను అన్నాడు.

నేను గరిటె పట్టుకుని అట్లనే నిలబడిపోయినాను. అవ్వ మజ్జిగ వద్దనింది. కొడుకు, తర్వాత పోయమనిందని విన్నాడు.

సంగతి మీకు విడమరచి చెప్పాలి. మా ఆడవాండ్ల నోట అవసరమంటే అక్కర. అవసరం లేదంటే అక్కర లేదు, వద్దు, అంతే. అరవంలో అదే మాటకు తొందర అని అర్థం. మగవాండ్లు పొద్దస్తమానం సంతలో అరవంతో ఉండి, ఆ అర్థాన్నే ఇంటికి మోసుకొచ్చినారు. మా ఇంటాయన నన్ను "అవసరంగా రా" అంటే పరుగెత్తుకుని రమ్మని. మాట ఒకటే, ఒకే కప్పు కింద రెండు అర్థాలతో కాపురం చేస్తా ఉండాది. ఇన్నేండ్లు ఎవరూ కనిపెట్టలేదు. ఎట్లా కనిపెడతారు? ఉప్పు అక్కర లేదన్నా తేరు, ఉప్పుకు తొందర లేదన్నా అప్పటికి తేరు. రెంటికీ పని ఒకటే.

అన్నాలు కాగానే అవ్వను పెరట్లోకి లాక్కుపోయి, బండిలో చోటు గురించి మామ నిన్నేమడిగినాడు, నువ్వేమన్నావు అని అడిగినాను. ఆమె మొదట చెప్పలేదు. చెప్పేదాకా నేను కొంగు వదల్లేదు. మామ వాకిట్లో కొలత పట్టుకుని, నీకని వేరే చోటు చేయించేదా అమ్మా అని అడిగినాడంట. ఈమె లోపల్నుంచి, నాకేం అవసరం లేదురా అనిందంట. అది ఆయన చెవికి, నాకేం తొందర లేదు, మీరు పోయి రండి అన్నట్టు తగిలింది.

"వేరే పడక ఎందుకు, ఒక మూల కూర్చుంటానని అంటిని" అనింది అవ్వ. "ఆ మూల కూడా మూటలకు ఇచ్చేసినాడు నా కొడుకు."

అయితే పోయి అడగరాదా అన్నాను.

"అడిగి ఎక్కేదాన్నా నేను?" అనింది. కండ్లనిండా నీళ్ళు పెట్టుకుని, వాటిని కిందికి పడనివ్వకుండా తల ఎత్తి నిలబడింది.

ఇంక నేను ఊరుకోలేకపోయినాను. కానీ మా వాండ్లలో కోడలు మామతో మొగం చూసి మాట్లాడకూడదు. ఏదన్నా చెప్పాలంటే తలుపుచాటున నిలబడి గోడకో, పిల్లికో, పసిబిడ్డకో చెప్పాలి. ఆ పక్కనున్న మామ వినాలి. మామ అప్పుడు దొడ్లో ఎద్దు కాలు తొడమీద పెట్టుకుని లాడం చూస్తా ఉండినాడు. నేను కుడితి తీసుకుపోయి రెండో ఎద్దు ముందు పెట్టి, కొంగు మొగానికి లాక్కుని, దానితోనే మొదలుపెట్టినాను.

"ఎద్దా, నీకొక మాట చెప్పాల. మీ పెద్దామె అవసరం లేదనింది వేరే పడక అక్కర లేదని. ప్రయాణానికి తొందర లేదని కాదు. ఆమె మూట కట్టుకుని కూర్చునుండాది. నువ్వు ఆమె మూలలో పత్తిగింజలు నింపినావు."

ఎద్దు కుడితి తాగుతా ఉండాది. మామ తొడమీద ఎద్దు కాలు అట్లనే ఉండాది. పుట్టింటికి పంపించేస్తాడేమో అనుకున్నాను. చివరికి ఆయన కూడా నాతో కాదు, తన ముందున్న ఎద్దుతోనే అన్నాడు.

"అమ్మ నాతో రానంటుందని అనుకుంటినే, ఎద్దా. ఇంత దూరం నన్ను నమ్మి రాదేమోననుకుంటిని."

కాలు దించి, లేచి, కండువాతో మొగం తుడుచుకుంటా వాకిట్లోకి పోయినాడు. మూటలన్నీ తనే కిందికి విసిరేసినాడు. ఇంకొక జాడీ పగిలింది. అత్త ఈసారి మొత్తుకోలేదు. ఆచారిని మళ్ళీ పిలిపించినాడు. గూట్లో వెనకపక్క నులకతో చిన్నపడక అల్లించి, దాన్ని నాలుగు మూలలా కొబ్బరితాళ్ళతో గూటి చట్రానికి వేలాడదీయించినాడు. కుదుపంతా తాళ్ళే తాగాలి, మనిషికి తగలకూడదని. మూటలు బండి కిందికి, ఎద్దుల వెనక వల కట్టి అందులోకి పోయినాయి. అవ్వ వచ్చి చూసి, ఉయ్యాల కట్టించినాడు, నేనేమన్నా పసిబిడ్డనా అని సణిగింది. సణుగుతానే దండెం మీద కోకలు తీసి మళ్ళీ మూట కట్టింది. వక్కలు కూడా అత్త అరలోనుంచి వెనక్కి తీసుకునింది. అది చూసి నేను పొట్ట పట్టుకుని నవ్వినాను.

ఆ ప్రయాణం గురించి చెప్పమంటే నేను ఊరికే చెప్తా కూర్చుంటాను. అవినాశి దగ్గర మా బంధువుల బండ్లు కలిసినాయి. దొంగల భయానికి అందరమూ గుంపుగా పోయినాము. పొద్దున చల్లపూట నడక, ఎండెక్కితే చింతతోపులో విడిది. పొయ్యి కొక్కెం నుంచి దించడం, రాగిసంకటి కెలకడం, ఎద్దులకు నీళ్ళు, ఇరుసుకు కందెన. సేలం దాటేదాకా నా ఒంట్లో నొప్పి లేని చోటు లేదు. నొప్పి లేనిది అవ్వకే. ఆ వేలాడే పడకలో కూర్చుని, తెర పక్కకు తోసి, పోయే ఊరూ వచ్చే ఊరూ చూస్తా, చూసినవన్నీ నాకు చెప్తా ఉండేది. నేను కాళ్ళు చాపుకుని ఆమె పడక కింద కూర్చుని వినేదాన్ని. అంత సుఖం నేను మళ్ళీ ఎరగను. ఎంత ఇల్లు ఉండీ ఏం, ఆ చిన్న గూట్లో మేమందరం ఒకరికొకరం తగులుతా ఉంటిమి.

వేలూరు దాటి, చిత్తూరు పక్కకు వచ్చేటప్పటికి బాటలో మాట మారడం మొదలైంది. ఒక ఆడమనిషి మేకను తరుముతా దాన్ని తెలుగులో బండబూతులు తిడతా ఉండాది. అవ్వ బండి ఆపమనింది. తెర తీసి, ఆ బూతులన్నీ చివరిదాకా వినింది. మా ఇంటాయన సిగ్గుతో తల తిప్పుకున్నాడు. అవ్వ నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్ల మాదిరి నవ్వింది, "వింటివా, వింటివా" అని.

మరునాడు ఒక ఊళ్ళో సంత. కూరగాయలు నేనే తెస్తాను, మీరెవరూ రావద్దు అనింది అవ్వ. మంచి కోక కట్టుకుని దిగింది. నేను మాత్రం చేటంత బుట్ట పట్టుకుని వెనక పోయినాను. ఒక నడివయసు ఆడమనిషి వంకాయలు పోసుకుని కూర్చునుండాది. అవ్వ ఆమె ముందు కూర్చుని, ఒక కాయ తీసి, వంగకాయలు లేతవేనా తల్లీ, ఇప్పుడు కోసినవేనా అని అడిగింది. ఇంట్లో మాతో మాట్లాడేదానికన్నా మెల్లగా, ఒక్కొక్క మాట ఏరి పెట్టినట్టు అడిగింది.

ఆ మనిషి ఒకసారి అవ్వ మొగం చూసింది. మంచి మనిషే, పాపం. అవ్వ కష్టపడుతుందనుకునిందేమో, వచ్చీరాని అరవంలో జవాబు చెప్పింది. అవ్వ మళ్ళీ తెలుగులోనే అడిగింది. ఆమె మళ్ళీ నవ్వుతా అరవంలోనే చెప్పింది. ఇంకో నాలుగు కాయలు ఊరికే బుట్టలో వేసి, పక్కన మిరపకాయలు అమ్మే ఆమెతో మాత్రం చక్కటి తెలుగులో అనింది.

"అరవావిడ. మన మాట ఎంత బాగా నేర్చుకునిందో చూడు, పాపం."

నేను ఏదో చెప్పబోతే అవ్వ నా మణికట్టు పట్టుకునింది. లేచి, బండి దాకా అదే నిటారు నడకతో వచ్చింది. గూట్లోకి ఎక్కి, తన పడకలో కూర్చుని, వెనక తెర కిందికి దించింది. బయట సంత గోల, తెలుగు గోల, వినపడతానే ఉండాది.

"అమ్మాయీ, ఇట్లా రా" అనింది. "ఏదో ఒకటి మాట్లాడవే నాతో."

వంకాయల్లో పుచ్చులు ఉండాయన్నాను. ఎద్దు కాలు కుంటుతా ఉండాదన్నాను. మా అమ్మ చేసే పులుసు గురించి, మా తమ్ముడి అల్లరి గురించి, నోటికొచ్చిందల్లా చెప్పినాను. ఆగితే చాలు, ఊఁ అనేది. మామ ఎద్దుల్ని కట్టి బండి కదిలించేదాకా, కదిలించినాక కూడా, అవ్వ నన్ను ఆపనివ్వలేదు.